ఆకులెత్తే శనివారం వంటింట్లో ఎవరూ ఉండొద్దు

మా కావలిలో అక్టోబర్ వచ్చిందంటే ఇంటింటా ఎవరో ఒకరు మిద్దె ఎక్కాల్సిందే. తూముల్లో చేరిన వేపాకు తీసి చెంబెడు నీళ్ళు పోసి పోతున్నాయా లేదా అని చూసుకోవాలి, ఇంటి మీదికి వాలిన కొబ్బరి మట్టలు కొట్టించాలి, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు చూసుకోవాలి. మిగతా జిల్లాల్లో వానలు తగ్గే టయానికి నెల్లూరు వైపు మాకు అసలు వానలు మొదలవుతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుఫాన్లు కూడా అప్పుడే. 1989 నవంబర్ తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది, దాన్ని చూసిన వాళ్ళెవరూ ఈ పనులు రేపటికి వాయిదా వెయ్యరు.

అందుకని అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు అల్లుడు నిచ్చెనేసుకుని కప్పు అంచున వాననీళ్ళు పోయే గట్టర్లలో ఆకులు తీస్తుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నీళ్ళు పోయే దారి ఎక్కడైనా తెరిచే ఉండాలి గదా, కాకపోతే అక్కడ ఆ నిలవ నీళ్ళు గడ్డకట్టి కప్పునే పాడుచేస్తాయంట. నాకు బాధనిపించింది వేరే సంగతి. ఆ వీధిలో ఉండే మన తెలుగు వాళ్ళ ఇళ్ళల్లో కూడా చూశా, శనివారం పొద్దున మొగుడూ పిల్లలూ ఆకులు పోగుచేసే పళ్ళకర్రలు పట్టుకుని బయట, ఆడపిల్ల మాత్రం లోపల. పప్పు, కూర, చారు, పిల్లలకి ఇంకోటి, పనిచేసొచ్చిన వాళ్ళకి వేడివేడిగా పెట్టాలని స్టవ్ దగ్గరే నిలబడుద్ది. వారమంతా ఆ పిల్లకీ ఆఫీసే గదా! బయట చెట్లు ఆకు రాల్చే ముందు ఎర్రగా పసుపుపచ్చగా వెలిగిపోతా ఉంటాయి, ఆ రంగులు రెండు మూడు వారాలకి మించి ఉండవు, అవి కిటికీలోంచి చూసుకోవాల్సిన ఖర్మ ఏంటి అని నా ప్రశ్న.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి నా మాట ఏందంటే, ఆకులెత్తే ఆ రోజు స్లో కుక్కర్ పెట్టండి, అదే, కరెంటు మీద గంటలకొద్దీ సన్నసెగన ఉడికించే కుండ, ఇంటిల్లిపాదీ బయటికి రండి. ఇది చెప్తే మన వాళ్ళు మొదట అనే మాట "దాంట్లో మన వంటకి రుచి రాదు అత్తా" అని. ఈ మాట నేను ఒప్పుకోను. మా అమ్మగారి ఊళ్ళో పాల దాలి ఉండేది, గుంటలో పిడకలు అంటించి పొద్దున పాలకుండ పెడితే సాయంత్రం దాకా సెగ మీదే కాగేవి, పాలు ఎర్రబడి మీగడ అట్టు కట్టేది, ఆ పెరుగు రుచి ఇప్పుడు ఏ ప్యాకెట్లోనూ లేదు. కుండ పెట్టేసి ఆడవాళ్ళు చేలోకి పొయ్యేవాళ్ళు. కందుకూరు వైపు మా చుట్టాలకి పొగాకు నాట్లు ఈ రోజుల్లోనే, నాట్లప్పుడు వంట కోసమని మనిషి ఇంట్లో ఆగిపోతే ఎట్టా కుదురుద్ది? సన్నసెగ మీద వదిలేసి పనికి పోవడం మనకి తెలిసిన విద్యే.

అసలు ఆ కుక్కర్ పుట్టింది కూడా అట్టాగే అంట. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకి వాళ్ళమ్మ చెప్పేదంట, లిథువేనియాలో వాళ్ళ ఊళ్ళో యూదులు శనివారం విశ్రాంతి రోజున పొయ్యి ముట్టించకూడదు గాబట్టి శుక్రవారం సాయంత్రమే బీన్సు, మాంసం కుండలో వేసి బేకరీ పొయ్యిలో పెట్టి వచ్చేవాళ్ళు, ఆరిపోతున్న ఆ పొయ్యి వేడికే తెల్లారేసరికి ఉడికిపోయేదని. ఆ మాట మనసులో పెట్టుకుని ఆయన కరెంటు కుండ చేసి 1940లో పేటెంట్ తెచ్చుకున్నాడు, 1971లో రైవల్ కంపెనీ దాన్నే క్రాక్‌పాట్ అని అమ్మింది, ఉద్యోగాలకి పొయ్యే ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు.

ఇంక రుచి సంగతి. రుచి రాలేదనే వాళ్ళు ఎక్కువమంది చేసేది ఏంటంటే అన్నీ ఒకేసారి పడేసి, స్టవ్ మీద పోసినన్ని నీళ్ళు పోసి వెళ్ళిపోవడం. మూత కింద ఆవిరి బయటికి పోదు, నీళ్ళు ఇగరవు, అందుకని తక్కువ పొయ్యాలి. కందిపప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఎంతసేపున్నా మెదగదు, పులుపు ఏదైనా పప్పు ఉడికినాకే. కుక్కర్ మీద హై, లో అని రెండు సెగలుంటాయి, హైలో మూడు నాలుగు గంటలు, లోలో అయితే దానికి రెట్టింపు అనుకోండి, ఒక్కో కుక్కర్ ఒక్కో రకంగా ఉంటుంది. దించే ముందు నేతిలో ఆవాలు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి, ఇంగువ, కరేపాకు వేసి పోపు ఘాటుగా పెట్టాలి, అది మాత్రం స్టవ్ మీదే, రెండు నిమిషాల పని. మూత ఊరికే తీసి చూడొద్దు, తీసిన ప్రతిసారీ వేడంతా పోయి ఇంకాస్త ఆలస్యమవుద్ది.

మేకమాంసానికి ఇంతకంటే మంచి పాత్ర లేదు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి పొద్దున్నే ఎర్రగా వేయించి, మాంసం, కారం, ధనియాల పొడి కలిపి లోలో ఎనిమిది గంటలు వదిలేస్తే ఎముక నుంచి ముక్క ఊడొస్తుంది. దొడ్లో గోంగూర వేసుకున్న వాళ్ళు మంచు పడే లోపలే మొత్తం కోసెయ్యాలి, ఒక్క రాత్రి మంచు పడిందా ఆకు నల్లబడి చచ్చిపోతుంది. ఆ ఆఖరి గోంగూర నూనెలో మగ్గించి చివరి అరగంటలో మాంసంలో కలపండి, మిగిలింది పచ్చడి. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ మాత్రం తిన్నగా దాంట్లో వెయ్యొద్దు, కరిగినాకే వెయ్యాలి. ఎర్ర రాజ్మా అయితే నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో స్టవ్ మీద కనీసం పది నిమిషాలు, అరగంటైతే ఇంకా మంచిది, తెర్లా కాగనిచ్చి అప్పుడే కుక్కర్‌లో పొయ్యాలి. సన్నసెగకి ఆ గింజల్లో ఉన్న విషం పోదు, వాంతులవుతాయి. ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

నెల్లూరు చేపల పులుసు సంగతి అడుగుతారు, తెలుసు. చేపముక్క పొద్దుట్నుంచీ వేస్తే పొడిపొడై పోతుంది. చిక్కటి చింతపండు రసం, టమాటా, ఉల్లిపాయ, మెంతులు, కారం అన్నీ వేసి పులుసు మాత్రం రోజంతా మరగనియ్యండి, పనులైపోయినాక హైలో పెట్టి ముక్కలూ పచ్చిమామిడి ముక్కలూ వెయ్యండి, ముక్క ఉడికిందా లేదా చూసుకుని ఆపెయ్యండి. గరిటె పెట్టి తిప్పొద్దు. మా వైపు చట్టిలో చేసినట్టే అని చెప్పను, చట్టి చట్టే, కానీ నిలవుంచిన ఆ పులుసు మర్నాడు తిన్న మా అల్లుడు ఇంకోసారి వడ్డించుకున్నాడు.

బయట పనుల్లో నిచ్చెన ఎక్కేది వయసులో ఉన్న వాళ్ళే, కింద ఇంకొకరు పట్టుకోవాలి, మీ నాన్నల్ని మాత్రం ఎక్కనియ్యొద్దు. అట్టాగని వాళ్ళని సోఫాలో కూర్చోబెట్టి టీవీ పెట్టెయ్యకండి, ఇక్కడ మా వీధుల్లో పొద్దున్నే పాదులు చేసి చెట్లు పెంచే మనుషులు వాళ్ళు, మీ ఇంటికొచ్చి ఆరునెల్లు ఏ పనీ లేకుండా కూర్చుంటే కుమిలిపోతారు. కరేపాకు కుండీల బాధ్యత వాళ్ళకే ఇవ్వండి. రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగే లోపల కుండీలు లోపలికి రావాలి, ఆకుల వెనక పురుగుందేమో చూసి కడిగి ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టాలి, చలికాలం ఆకు రాలిస్తే చచ్చిపోతోందని నీళ్ళు ఎక్కువ పొయ్యకూడదు. తోట పైపు విప్పి లోపల పెట్టడం పిల్లలకి చెప్పండి, లేకపోతే నీళ్ళు గడ్డకట్టి గోడలో పైపు పగులుద్ది అని కారణం కూడా చెప్తే వాళ్ళు ఇష్టంగా చేస్తారు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఫిల్టర్, పొగ అలారం బ్యాటరీ కూడా అదే రోజు చూసేసుకోండి, నవంబర్ మొదటి ఆదివారం ఎట్టాగూ గడియారం మారుస్తారు గదా, అప్పుడైనా సరే.

డబ్బులిస్తే ఆకులెత్తేసి పొయ్యే వాళ్ళున్నారు, నిజమే, ఒంట్లో బాగాలేనప్పుడు పిలిపించుకోవడంలో తప్పేం లేదు. ఒంట్లో బాగున్న ఇంట్లో మాత్రం ఆ ఒక్క రోజు అమ్మమ్మ, తాత, పిల్లలు, మీరిద్దరూ కలిసి ఒకే పని మీద ఉంటారు. నేను అక్కడున్నన్నాళ్ళూ మా మనవడు నాతో ఎక్కువ తెలుగు మాట్లాడింది ఆ ఆకుల గుట్టల దగ్గరే.

అక్కడి తెలుగు అసోసియేషన్ వాళ్ళని ఒకటి అడుగుతున్నా. మీలో కాన్పైన ఇళ్ళుంటాయి, ఆపరేషన్ అయిన వాళ్ళుంటారు, భర్త పోయి ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఉంటుంది. నవంబర్‌లో ఒక శనివారం నాలుగు కుటుంబాలు కలిసి వాళ్ళ వాకిట్లో ఆకులెత్తి రండి, కుక్కర్ కూడా మీతోనే తీసుకుపోయి పొద్దున్నే వాళ్ళింట్లో ప్లగ్గు పెట్టెయ్యండి, మధ్యాన్నం అందరూ అక్కడే తినొచ్చు. పేర్లు అక్టోబర్‌లోనే అడిగి పెట్టుకోండి, మంచు పడినాక తడిసిన ఆకు బరువెక్కి ఎత్తడం చానా కష్టం.