కుర్చీ దిగకుండా పేటలకు మార్కులు వేయడం ఎలా

ఊళ్లో ఏ పేట మంచిది, ఏ పేట చెడ్డది అని తేల్చడం ఒకప్పుడు కాళ్లరిగే పని. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో చార్లెస్ బూత్ అనే పెద్దమనిషి ఇందుకోసం ఏళ్ల తరబడి మనుషుల్ని పెట్టి, పోలీసుల వెంట వీధి వీధీ తిప్పించి, పటం మీద ఒక్కో వీధికి ఒక్కో రంగు వేయించాడు. బాగా కలిగినవాళ్లకు పసుపు, అట్టడుగువాళ్లకు నలుపు. ఆ నలుపు పక్కన వీళ్లు దుర్గుణులు, సగం నేరస్తులు అని వివరణ కూడా. పాపం, ఆయనకు మన సౌకర్యాలు లేవు. ఇప్పుడదే పని చెప్పులు తొడుక్కోకుండా పావుగంటలో ముగించవచ్చు. ఈ సంగతి తెలియక ఇంకా కొందరు అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఎండన పడి వీధులు కొలుస్తున్నారు. వాళ్ల మీద జాలితో ఈ నాలుగు ముక్కలు.

ముందు గీత గీయాలి. పేట అన్నాక సరిహద్దు ఉండాలి కదా. అది ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టే సగం ఫలితం తేలిపోతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. జేబుదొంగలు తిరిగే బస్టాండు రోడ్డుకు అవతల ఉందనుకోండి, గీత రోడ్డు మధ్య నుంచి లాగేయాలి. బస్టాండు పాపం పక్క పేట ఖాతాలో పడుతుంది, మనకు నచ్చిన పేట కడిగిన ముత్యమవుతుంది. రెండు పేటల వాళ్లూ బస్సెక్కేది అక్కడే అన్నది వేరే సంగతి.

ఈ దశలో పరిశోధకుల జోలికి మాత్రం పోకండి, పని చెడుతుంది. 1989లో షెర్మన్ అనే నేరశాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్లను చిరునామాల వారీగా పోగేసి చూస్తే, సగం ఫోన్లు 3.3 శాతం చిరునామాల నుంచే వచ్చాయని తేలింది. ఆ తర్వాత వైజ్‌బర్డ్ అనే మరో నేరశాస్త్రవేత్త కొన్ని పెద్ద నగరాల్లో వీధి ముక్కల (అంటే రెండు కూడళ్ల మధ్య ఉండే వీధి భాగాల) లెక్క తీస్తే, సగం నేరాలు సుమారు నాలుగు నుంచి ఆరు శాతం ముక్కల్లోనే జరిగాయి. అంటే చెడ్డదని మనం ముద్ర వేసిన పేటలోనూ చాలా వీధులు రాత్రంతా గుర్రుపెట్టి నిద్రపోతుంటాయి. మంచి పేటలోనూ ఏదో ఒక మూల మెలకువగా ఉంటుంది. ఇది ఒప్పుకుంటే ‘ఫలానా పేట’ అనే మాటే ఎగిరిపోయి, ‘ఫలానా మద్యం దుకాణం పక్క సందు, దుకాణం మూసే వేళ’ అని రాయాల్సి వస్తుంది. అంత పొడుగు పేరు జాబితాలో పట్టదు.

గీత అయ్యాక భాగహారం. నేరాల సంఖ్యను జనాభాతో భాగించి వెయ్యిమందికి ఇన్ని అని చెబితే ఎవరూ నోరెత్తరు. ఏ జనాభాతో భాగించాలన్న అనుమానం మాత్రం రానివ్వకూడదు. ఒక రైల్వే స్టేషన్ పేట ఉందనుకుందాం. అక్కడ కాపురాలున్నవాళ్లు 2,000 మంది. రోజూ వచ్చిపోయేవాళ్లు 1,00,000 మంది. ఏడాదికి 200 దొంగతనాలు. కాపురస్తులతో భాగిస్తే వెయ్యికి 100, గుండె గుభేలుమంటుంది. వచ్చిపోయేవాళ్లతో భాగిస్తే వెయ్యికి 2, అందులో పెద్ద విశేషమేం లేదు. మనం వాడాల్సింది ఎప్పుడూ మొదటిదే. పర్సు పోగొట్టుకున్నవాడు సాయంత్రం రైలెక్కి తన ప్రశాంతమైన పేటకు చేరుకుంటాడు, పర్సు లెక్క మాత్రం ఇక్కడే దిగబడిపోతుంది.

చిన్న కాలనీలైతే శాతాలు వాడండి. నిరుడు ఒక ఇంట్లో దొంగలు పడ్డారు, ఈ ఏడు రెండిళ్లలో. నేరాలు 100 శాతం పెరిగాయి! పైయేడు ఒకటే జరిగితే సగానికి తగ్గాయి. అయిదేళ్లవి కలిపి సగటు చూడాలనే చాదస్తులు కొందరుంటారు. వాళ్లను పిలిచి చర్చలు పెట్టకండి.

అన్నిటికన్నా ముద్దొచ్చే సూత్రం ఇంకొకటుంది: కేసులు తక్కువున్న పేట భద్రమైన పేట. బండి పోతే బీమా డబ్బు కోసమైనా పోలీసు కాగితం కావాలి కాబట్టి ఆ లెక్క కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది. హత్యల లెక్కా అంతే, శవాన్ని దాచడం కష్టం. మిగతావన్నీ ఫిర్యాదు రాసుకునేవాడి ముఖం మీద ఆధారపడతాయి. కుర్చీ వేసి కూర్చోబెట్టి రాసుకునే స్టేషన్ ఉన్నచోట నేరాలు ఎక్కువ. మూడుసార్లు తిప్పి, రేపు రమ్మనే చోట నేరాలు తక్కువ. కాబట్టి పోలీసులు మర్యాదగా ఉండే పేటకు మార్కులు కోసేయాలి.

ఇక ఏ ప్రమాదాన్ని లెక్కపెట్టాలన్నది. దీన్ని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు: దొంగను. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2021లో ప్రపంచమంతటా హత్యకు గురైనవాళ్లు సుమారు 4,58,000 మంది. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, సుమారు 11,90,000 మంది. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో అకాలమరణం పాలైనవాళ్లు 42 లక్షలు. అయినా ‘మా పేటలో లారీలెక్కువ, జాగ్రత్త’ అని కూతురికి ఫోన్ చేసే తండ్రి కనబడడు. లారీకి మొహం ఉండదు, భయపడటానికి మొహం కావాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలిన కారు కన్నా 50తో తగిలిన కారు కింద పాదచారి చనిపోయే ముప్పు నాలుగైదు రెట్లు. కానీ విశాలమైన రోడ్డుకు జాబితాలో మార్కులు కలుపుతారు, దాని మీద బండ్లు ఎంత వేగంగా పోతున్నాయన్న గడే ఉండదు.

ఆడవాళ్లకు భద్రమైన ప్రాంతాలు అనే ప్రత్యేక జాబితా ఒకటి ఉంటుంది. అందులో పార్కులకు, బస్టాపులకు, చీకటి సందులకు మార్కులుంటాయి. 2023లో ప్రపంచంలో హత్యకు గురైన సుమారు 85,000 మంది ఆడవాళ్లు, ఆడపిల్లల్లో 51,100 మందిని చంపింది భర్తో, సహచరుడో, ఇంట్లో మరొకరో అని ఐక్యరాజ్యసమితి అంచనా. ఇంటిలోపలికి మన జాబితా రాదు, గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి ఆగిపోతుంది. గుమ్మం అవతలిది కుటుంబ వ్యవహారం.

దీపాల లెక్క తేలిక. ఎన్ని స్తంభాలున్నాయో ఆఫీసు కాగితంలో చూసి ఎక్కించండి. వెలుగుతున్నాయా, కొమ్మలు పెరిగి మింగేశాయా అని చూడటం మన పరిధి కాదు. 2016లో న్యూయార్క్‌లోని ప్రభుత్వ గృహ సముదాయాల్లో అదనపు దీపాలు పెట్టి చూస్తే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయట. సంతోషం. కానీ రెండు కళ్లు చెదిరే దీపాల మధ్య చీకటి మడుగు ఉంటే, వెలుతురుకు అలవాటుపడ్డ కంటికి ఆ మడుగులో నిలబడ్డ మనిషి అసలే కనబడడు. మసక దీపాలైనా సరే ఎడం లేకుండా సమానంగా ఉన్న వీధి దీనికన్నా నయం. ఇదంతా తెలియాలంటే రాత్రి నడవాలి, మనం నడవం అనుకున్నాం కదా.

జీవన పరిస్థితుల మార్కులకు పేటను స్వయంగా చూసితీరతామని పట్టుబట్టేవాళ్లకు ఒకటే సలహా: ఆదివారం ఉదయం పదకొండింటికి వెళ్లండి. ఆ వేళకు ప్రపంచంలోని పేటలన్నీ మంచివే. బళ్ల రద్దీ ఉండదు, చెత్త బండి వెళ్లిపోయి ఉంటుంది, కుళాయి దగ్గర గొడవ సద్దుమణిగి ఉంటుంది.

మామూలు రోజు ఉదయం ఏడింటికి మాత్రం వెళ్లకండి. ఆ వేళ పై అంతస్తులో కుళాయి తిప్పితే నిజం బయటపడుతుంది. నీరు పది మీటర్లు ఎక్కాలంటే సుమారు ఒక బార్ ఒత్తిడి కావాలి. అందరూ ఒకేసారి తిప్పే వేళకు గొట్టంలో ఒక బార్ మాత్రమే మిగిలితే, మోటారు లేని నాలుగో అంతస్తు కుళాయి గాలి ఊదుతుంది. రాత్రి రెండింటికీ వెళ్లకండి. రోడ్డు బళ్ల చప్పుడు రాత్రిపూట 45 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో చెప్పింది. 48 ఉంటే మూడే కదా ఎక్కువ అనిపిస్తుంది, కానీ డెసిబెళ్ల లెక్కలో మూడు పెరిగిందంటే కిటికీ కింద అదే వేగంతో రెట్టింపు బళ్లు పోతున్నట్టు.

వానలో అయితే అసలే వద్దు. వాన వెలిశాక పొడి రోజున వెళ్లినా కొన్ని గుర్తులు పట్టిస్తాయి, అటు చూడకుండా తల తిప్పుకోవాలి. గోడకు మోకాలి ఎత్తు దాకా కొత్త రంగు, ఆ పైన పాతది. కరెంటు మీటరు మనిషి తలకన్నా ఎత్తున. గుమ్మానికి అడ్డంగా ఇటుకల గట్టు. రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ పోయి, ఇంటి గచ్చు కన్నా రోడ్డే ఎత్తయిన చోట నీళ్లకు దారి ఎవరూ చూపించనక్కర్లేదు. ‘నూరేళ్లకోసారి వచ్చే వరద’ అని బ్రోకర్ అంటే ధైర్యంగా తలూపండి. దాని అర్థం ఏటా ఒక శాతం అవకాశం అని, 30 ఏళ్లు అప్పు కడుతూ ఆ ఇంట్లో ఉంటే ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతమని లెక్కగట్టే ఓపిక ఆయనకూ లేదు.

పార్కింగ్‌కు మాత్రం ధారాళంగా మార్కులు వేయాలి. ఆరు మీటర్ల వెడల్పు రోడ్డు, రెండు వైపులా కార్లు. ఒక్కో కారు 1.8 మీటర్లు ఆక్రమిస్తుంది కాబట్టి మధ్యలో మిగిలేది 2.4. ఫైరింజన్ వెడల్పు సుమారు 2.5. పది సెంటీమీటర్ల దగ్గర కక్కుర్తి పడటం అగ్నిమాపక శాఖకు తగని పని.

ఈ మార్కులన్నీ ఎవరి కోసం అని అడిగే కొంటెవాళ్లుంటారు. ప్రపంచ నగరాలకు ఏటా ర్యాంకులిచ్చే ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ వారి పద్ధతిలో దీనికి సూటైన జవాబుంది: వందకు మార్కులు 50కి దిగితే, అక్కడికి పంపే ఉద్యోగికి కంపెనీ జీతం మీద 20 శాతం కష్టభత్యం ఇవ్వొచ్చని సూచన. అక్కడే పుట్టి పెరిగినవాడికి ఆ భత్యం ఎవరిస్తారన్న గడి అందులో లేదు.

పోనీ, మార్కులు తప్పయితే ఏమవుతుంది? ఏమీ కాదు, కాలక్రమంలో అవే నిజమవుతాయి. 1930లలో అమెరికాలో ప్రభుత్వ గృహరుణ సంస్థ ఒకటి రెండొందలకు పైగా నగరాల పటాలకు నాలుగు రంగులు వేయించింది. పచ్చ ఉత్తమం, ఎరుపు ప్రమాదం. ఎరుపు పడటానికి అక్కడ నల్లజాతివాళ్లు ఉండటం తరచు సరిపోయేది. ఆ పేటల్లో అప్పు పుట్టలేదు. అప్పు లేక ఇళ్లు శిథిలమయ్యాయి, చెట్లు నాటేవాళ్లు లేకపోయారు, పెద్ద రోడ్లు వాటి మీదుగానే పోయాయి. 2020లో 108 నగరప్రాంతాలను ఉపగ్రహ కొలతలతో చూస్తే, ఎరుపు పేటల నేల మిగతా పేటల కన్నా సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ కాగుతోంది. రంగు వేసినవాళ్లు బతికుంటే, మేము అప్పుడే చెప్పలేదా అనేవారు.

జాబితా పూర్తయ్యాక అట్టడుగున ఉన్న పేట పక్కన ఒక హెచ్చరిక తప్పనిసరి: ‘రాత్రి ఎనిమిది తర్వాత అటు వెళ్లకండి.’ మొదటి ర్యాంకు పేటకు మాత్రం గేటు, కెమెరాలు, ఇరవై నాలుగు గంటల కాపలా ఉన్నాయని రాయాలి. ఆ కాపలాలో పగటి డ్యూటీ రాత్రి ఎనిమిదికి దిగుతుంది. డ్యూటీ దిగినవాడు రిజిస్టర్లో సంతకం పెట్టి, టార్చి రెండోవాడి చేతికిచ్చి, ఆ అట్టడుగు పేటకు పోయే ఆఖరి బస్సు కోసం పరుగెత్తుతాడు.