యాస తర్వాత, ముందు ఎంత–అంత చూద్దాం

ఈ దేశానికి కొత్తగా వచ్చిన విద్యార్థులకు, మళ్లీ ఉద్యోగంలో చేరాలనుకునే గృహిణులకు మన తెలుగు సంఘాలు ఇంగ్లిష్ ఇంటర్వ్యూ క్లాసులు పెట్టడం మంచి పని. కానీ సమయమంతా యాస దిద్దడానికే పోతోంది. యాస కాస్త మనదిలా ఉన్నా అవతలివాళ్లకు అర్థమవుతుంది. వాక్యం కట్టడం తప్పితేనే చిక్కు. నా దృష్టిలో ముందు చెప్పాల్సింది జంట పోలికలు, అంటే మన 'ఎంత–అంత' లాంటి వాక్యాలు.

"హౌ మచ్ ఎక్స్‌పీరియన్స్ ఐ గెట్, దట్ మచ్ ఐ విల్ లెర్న్." మనవాళ్ల నోట తరచూ వినే మాటే. ఆలోచనలో లోపమేమీ లేదు, మన ఎంత–అంత ఉన్నదున్నట్టు దిగిపోయింది. ఇంగ్లిష్‌లో ఆ రెండు చోట్లా ఒకటే మాట వస్తుంది: "ద మోర్ ఎక్స్‌పీరియన్స్ ఐ గెట్, ద మోర్ ఐ లెర్న్."

ఈ 'ద' మామూలు ఆర్టికల్ కాదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో 'అంత మేరకు' అనే అర్థంలో వాడిన తృతీయా విభక్తి రూపం నుంచి వచ్చింది. అంటే అది చేసే పని మన ఎంత–అంత చేసే పనే. ఈ సంగతి చెబితే రెండో 'ద'ను ఎవరూ వదిలేయరు. 'అంత' లేకుండా 'ఎంత' అనేసి ఊరుకోం కదా!

అసలు తడబాటు నామవాచకం దగ్గర. "ద మోర్ యు హావ్ ఎక్స్‌పీరియన్స్" అనేస్తాం. 'మోర్' పక్కనే 'ఎక్స్‌పీరియన్స్' ఉండాలి, 'యు హావ్' ఆ తర్వాతే. జరగబోయేది చెబుతున్నా మొదటి సగంలో 'విల్' అక్కర్లేదు. ఇక 'మోర్ బెటర్' సంగతి. తెలుగులో 'మంచి' అనే మాట పోలికలోనూ మారదు, 'కంటే' చేర్చితే సరిపోతుంది. ఆ అలవాటుతోనే 'బెటర్' ఒక్కటీ చాలదనిపించి 'మోర్' తగిలిస్తాం. పోలిక 'బెటర్'లోనే ఉంది.

సూత్రాలు బట్టీ పట్టించే బదులు సామెతతో మొదలుపెట్టండి. ఎంత చెట్టుకు అంత గాలి: "ద బిగ్గర్ ద ట్రీ, ద మోర్ విండ్ ఇట్ క్యాచెస్." మొదటి సగంలో 'ఈజ్' లేదు, గమనించారా? మన సామెతలోనూ క్రియ లేదు.

వారాంతపు తెలుగు బడిలో ఇదే పాఠం తిరగేసి చెప్పొచ్చు. "ద సూనర్, ద బెటర్" అని ఇట్టే అనగలిగే పిల్లల చేత "ఎంత త్వరగా అయితే అంత మంచిది" అనిపించండి. వచ్చే క్లాసుల్లో యాసకిచ్చే సమయంలో సగం దీనికి కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.