ఈదే ట్యాంకుకు ఇసుకే అసలు పరీక్ష

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామినీ, టీయూ-142 విమానాన్నీ చూసి మురిసేవారు పక్కనున్న ఇసుకను సైనిక సమస్యగా చూడరు. నేలపైనా నీటిలోనూ నడిచే ఉభయచర యుద్ధ వాహనాల చరిత్ర మాత్రం ఆ కొద్ది గజాల ఇసుక చుట్టూనే తిరిగింది.

1942లో అమెరికా తయారుచేసిన ‘డక్’నే తీసుకోండి. రెండున్నర టన్నుల జీఎంసీ లారీకి పడవ అడుగు తొడిగి, వెనుక ప్రొపెల్లర్ బిగించారు. నీటిలో దాని వేగం గంటకు దాదాపు 10 కిలోమీటర్లే. కవచం లేదు. అయినా దాదాపు 21 వేలు తయారయ్యాయి. దాని గొప్పతనమంతా టైర్లలో ఉంది. డ్రైవరు సీటులోంచి కదలకుండానే గాలి తగ్గించి మెత్తని ఇసుక దాటేవాడు, రోడ్డెక్కాక మళ్లీ నింపుకునేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో ఇటలీలోని సిసిలీలో, మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని నార్మండీలో రేవుతో పని లేకుండా ఓడల్లోని సరుకును నేరుగా ఒడ్డు దాటించింది.

అదే నార్మండీలో, ఒమాహా తీరం వద్ద, కాన్వాస్ తెర కట్టుకుని తేలే షెర్మన్ ట్యాంకులను ఒక బెటాలియన్ తీరానికి దూరంగా నీళ్లలోకి దించింది. దించిన 29లో 27 మునిగాయి. ఉక్కు కవచాన్ని గుడ్డ తెరను నమ్ముకుని సముద్రంలోకి వదలడం నాకైతే తెగువగా కనిపించదు.

మనకూ ఇలాంటి అనుభవాలున్నాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మేఘనా నది వెడల్పుకు, నీటిలో ఈదే మన పీటీ-76 ట్యాంకుల ఇంజిన్లు వేడెక్కి, కొన్నింటిని నాటుపడవలతో లాగాల్సి వచ్చింది. ఆ డిసెంబరులోనే బంగ్లాదేశ్ తీరంలోని కాక్స్‌బజార్ వద్ద నౌకల నుంచి దిగిన గూర్ఖా సైనికుల్లో కొందరు మునిగిపోయారు.

ఇప్పుడు తూర్పు నౌకాదళానికి 2007లో చేరిన ఐఎన్ఎస్ జలాశ్వ అనే యుద్ధనౌక ఉంది. వెనుక భాగంలోకి నీరు నింపుకుని ల్యాండింగ్ పడవలను వదలగలదు. అమెరికాతో కలిసి 2019లో జరిపిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాల రేవు దశ విశాఖలో, సముద్ర దశ కాకినాడ వైపు సాగాయి. అయితే ఓడ మారకపోయినా తీరం మారుతూ ఉంటుంది. హార్బరు కట్టడాలు దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుకను అడ్డుకోవడంతో ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను తెచ్చి పోయాల్సి వస్తోంది. నిరుడు కొలిచిన తీరపు వాలు ఈ ఏడాది ఉంటుందన్న హామీ లేదు.

అందుకే కవచంతో ఈదే బండ్ల కంటే, ఇసుకలో కూరుకుపోని సరుకు బండ్లపై ముందు డబ్బు పెట్టాలంటాను. కవచం లేని బండిని శత్రువు తుపాకుల ముందుకు పంపుతారా అని అడగవచ్చు. మొదటి వరుసకు పంపనక్కర్లేదు. డక్‌ల ప్రధాన పని కూడా దిగిన సైన్యానికి మందుగుండు, తిండి మోయడమే. తుపాను వచ్చి రోడ్లు తెగిన రోజున అవే బండ్లు ఊళ్లకూ పనికొస్తాయి.