ఒకే పోస్టు, నాలుగు చోట్ల నరకం

ఒక్క ఫంక్షన్ కాల్‌తో అన్ని సోషల్ మీడియాల్లో పోస్ట్ పడిపోద్దని చెప్పే కోడ్ లైబ్రరీలంటేనే (ప్రోగ్రామర్లు వాడుకునే రెడీమేడ్ కోడ్) విసుగొచ్చేసింది అసలు. పోస్టు పొడవు హద్దు ఎక్స్‌లో మామూలు అకౌంట్‌కి 280 అక్షరాలు, బ్లూస్కైలో 300, మాస్టడాన్‌లో డిఫాల్ట్‌గా 500, ఈ తేడాలన్నీ లైబ్రరీనే చూసుకోవాలి కదా, చూసుకోదు, పొడవెక్కువైతే మధ్యలో కత్తిరించి పంపేస్తుంది, అదీ తెలుగులో ఒత్తు దగ్గర తెగిందంటే పదం మొత్తం పాడు! ఒత్తున్న అక్షరం మన కంటికి ఒక్కటే, కంప్యూటర్‌కేమో మూడు నాలుగు కోడ్ పాయింట్లు, అంటే విడివిడి యూనికోడ్ గుర్తులు. ఇంగ్లీషులో టెస్ట్ చేసి వదిలేస్తే ఎలా?

ఇంకోటి, మూడు చోట్ల పడి నాలుగోచోట టోకెన్ (మన అకౌంట్‌లో పోస్ట్ చెయ్యడానికిచ్చే అనుమతి కోడ్) ఎక్స్‌పైర్ అయి ఫెయిలైతే, ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో చెప్పకుండా మొత్తానికి ఒకటే ఎర్రర్, సరే అని మళ్ళీ రన్ చేస్తే పడినచోటే రెండోసారి పడుద్ది, చూసేవాళ్ళు స్పామ్ అనుకుంటున్నారు. ఒక్కో ప్లాట్‌ఫామ్ రిజల్ట్ విడివిడిగా ఇవ్వండయ్యా బాబూ!