కింద పడ్డ హార్డ్ డిస్క్ గారికి

మహారాజశ్రీ హార్డ్ డిస్క్ గారికి, పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమమే ఎంతకీ తేలడం లేదు.

మా మేనల్లుడి కాలికి ఛార్జర్ వైరు తట్టుకుని తమరు ల్యాప్‌టాప్‌తో సహా బల్ల మీంచి గచ్చు మీదికి దిగారు. అప్పటినుంచి పరామర్శలే పరామర్శలు. ఎదురింటి మావయ్య తమరిని ఊడదీయించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. పిన్ని ఫ్రిజ్‌లో పెట్టమంది, లోపల తేమ చేరితే ఏమవుతుందో ఆవిడకేం పట్టింది! షాపతను మళ్లీ బిగించి, "కిచ్ఛి హెబొ నాహిఁ (ఏమీ కాదు), విండోస్ ఓపెన్ అయింది కదా" అని తేల్చేశాడు. వీధి తలుపు తెరుచుకుంటే ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నట్టేనా?

నిమిషానికి 5,400 సార్లు తిరిగే పలక మీద, పొగ నలుసు కూడా పట్టని సందులో, రాతలు చదివే తమరి హెడ్డు తేలుతుంది. ఆగి ఉన్నప్పుడు పడుంటే అది పలక వదిలి పక్కన పడుకుని ఉండేది. తమరేమో సినిమా మధ్యలో పడ్డారు. ఏం ముహూర్తం!

డిస్కుల ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిస్తే నీలం రంగులో 'గుడ్' అన్నారు. ఆ హెల్త్ రిపోర్టు తమరే రాసుకుంటారాయె. చదవబోయేదాకా ఎక్కడ పాడైందో తమరికే తెలియదు. సగం ఫోటోలు కాపీ అయ్యేసరికి రంగు పసుపు, పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు, 10. అక్కడి లెక్క హెక్సాడెసిమల్, పదహార్ల లెక్క; అక్కడ 10 అంటే మనకు పదహారు. చిన్నగా చూపించుకోవడంలో మాత్రం తమరు దిట్ట.

పాతపట్నం నుంచి బావ ఫోన్: "చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టరా, అదే సర్దుకుంటుంది." డిస్కులో పాడైన చోట్లు వెతికే విండోస్ కమాండ్ అది. పలకంతా తుదికంటా చదివిస్తుందది. తమరికి మిగిలిన కాస్త ఊపిరీ దానికే ఖర్చు పెట్టమంటారా? ముందు కాపీ, తర్వాతే ఏ వైద్యమైనా.

1936లో ఒడిశా గీత గీసినప్పుడు మావాళ్లు ఇటు ఒడిశా వైపే ఉండిపోయారు. అందుకే తమరి కడుపులో పొలం పట్టాల స్కాన్లు ఒడియాలో, అక్క పెళ్లి శుభలేఖ తెలుగులో. మూల కాగితాలు చెదలు తినేసిన సంగతి తమరికీ తెలుసు.

పట్టాల ఫోల్డర్ ఇంకా సగంలోనే ఉంది. అది పూర్తయ్యేదాకా, ప్రాణం పోయే డిస్కులు చేసే ఆ టక్ టక్ మొదలుపెట్టకండి. తర్వాత తమరి ఇష్టం.

ఇట్లు,
తమరి మీదే భారం వేసిన కుటుంబం