ఆ ఫొటోలు తీసింది చంపినవాళ్లే

కంబోడియా రాజధాని నాంపెన్‌లోని టువోల్ స్లెంగ్ మ్యూజియం ఒకప్పుడు హైస్కూలు. 1975లో అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టు పార్టీ ఖ్మేర్ రూజ్ బడులు మూసేసి, ఈ బడిని ఎస్-21 అనే రహస్య జైలుగా మార్చింది. దాన్ని నడిపిన డుచ్ అంతకుముందు లెక్కల మాస్టారు. 1979 జనవరిలో వియత్నాం సైన్యం నగరంలోకి వచ్చేలోగా కనీసం 12,272 మందిని చంపారని తర్వాత డుచ్‌ను విచారించిన కోర్టు తేల్చింది. చివరికి మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బొమ్మలు వేయడం వచ్చని వాన్ నాథ్‌ను, మిషన్లు బాగుచేస్తాడని చుమ్ మేను బతకనిచ్చారు.

గదుల నిండా ఖైదీల ఫొటోలు ఉంటాయి. మనిషిని తీసుకురాగానే కళ్లగంతలు విప్పి, నంబరు తగిలించి, ఫొటో తీసేవాళ్లు. ఫొటోలో ఆ ఖైదీ చూపు కెమెరా పట్టుకున్న జైలు ఉద్యోగి వైపు ఉంది. ఇప్పుడు వాడి చోట మనం నిలబడుతున్నాం. ఈ ఆలోచన నన్ను వదలదు. పైగా చాలా ఫొటోల కింద పేరే ఉండదు.

పేరు లేకపోతే ఆ ముఖంతో ఎవరేం చేసినా అడిగేవాళ్లుండరు. 2021లో ఒక కళాకారుడు ఈ ఫొటోలకు రంగులద్ది, కొన్ని ముఖాల మీద నవ్వు కూడా పెట్టాడు! బాధితుల కుటుంబాలు, కంబోడియా ప్రభుత్వం మండిపడ్డాక గానీ వాటిని ప్రచురించిన వెబ్‌సైట్ వెనక్కి తీసుకోలేదు.

అదే, ఈ జైల్లో ఖైదీగా ఉండి చనిపోయిన హౌట్ బోఫానా సంగతి చూడండి. భర్తకు రాసిన ప్రేమలేఖల్లో ఆమె తనను సీతతో పోల్చుకుంది. వాళ్ల రామాయణం రీమ్‌కేర్‌లోని సీతే. ఆ ఉత్తరాలు జైలు ఫైల్లో దొరికాయి కాబట్టి ఆమె ఎవరో లోకానికి తెలిసింది. 2006లో నాంపెన్‌లో తెరిచిన ఆడియో విజువల్ కేంద్రానికి ఆమె పేరే పెట్టారు.

చనిపోయినవాళ్లలో చాలామంది, సొంత పార్టీయే అనుమానించి జైల్లో వేసిన ఖ్మేర్ రూజ్ కార్యకర్తలే కదా, వాళ్లకూ పేరు రాయాలా అని అడిగేవాళ్లున్నారు. రాయాలి. వాళ్లు చేసిన పని కూడా పక్కనే రాయాలి. కానీ చిత్రహింసలు పెట్టి రాయించిన వాంగ్మూలాల్లో చాలామంది అమెరికా సీఐఏకో మరో దేశానికో గూఢచారులే. అందులోంచి నిజమైన ఊరూ పేరూ ఏరడం చాలా ఓపిక కావాల్సిన పని.

2025లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక సందర్శకులు పెరుగుతారు. ఆ ముఖాలను చూసి ఫలానా మా అన్న, మా అమ్మ అని చెప్పగలిగినవాళ్లు మాత్రం ముసలివాళ్లైపోయారు. వచ్చే డబ్బు, మనుషులు ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగడానికే ఖర్చు కావాలి.