డాలరుకు పోటీ లేదు, నమ్మకమే తరుగుతోంది

2022 ఫిబ్రవరిలో రష్యా సైన్యం ఉక్రెయిన్‌పై దండెత్తిన కొద్ది రోజులకే అమెరికా, ఐరోపా దేశాలు రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు 30 వేల కోట్ల డాలర్లను స్తంభింపజేశాయి. ఆ యుద్ధానికి బాధ్యత రష్యాదే, సందేహం లేదు. కానీ పరాయి గడ్డ మీద దాచిన సొమ్ము సఖ్యత ఉన్నంతకాలమే మనదని ఆ రోజు ప్రతి కేంద్ర బ్యాంకుకూ అర్థమైంది.

ఆ తర్వాత వరుసగా మూడేళ్లు కేంద్ర బ్యాంకులన్నీ కలిసి ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. 2023-24లో మన రిజర్వు బ్యాంకు బ్రిటన్‌లో ఉన్న బంగారంలో 100 టన్నులు స్వదేశానికి తెచ్చుకుంది. 1991లో అప్పు కోసం బంగారాన్ని విమానాల్లో లండన్ చేర్చిన దేశం మనది! ప్రపంచ దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలరు వాటా పాతికేళ్ల కిందట 70 శాతం దాకా ఉండేది. ఇప్పుడు 60 శాతం లోపే.

అంతమాత్రాన డాలరు పని అయిపోయిందంటే నేను ఒప్పుకోను. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారత బ్యాంకుల్లో తమ సొమ్ము వందల కోట్ల రూపాయలు పేరుకుపోయిందని, వేరే కరెన్సీలోకి మార్చుకుంటే తప్ప వాడుకోలేమని చెప్పారు. రష్యా మనకు అమ్మేది ఎక్కువ, కొనేది తక్కువ. మిగిలిన రూపాయలతో ఏం చేసుకుంటుంది? సొమ్ము దేశం దాటకుండా బీజింగ్ కట్టడి చేసినంతకాలం చైనా కరెన్సీ యువాన్‌కూ ఇలాంటి చిక్కే. భారత్, రష్యా, చైనా తదితర దేశాల కూటమి బ్రిక్స్‌లో ఎన్ని దేశాలు చేరినా ఉమ్మడి కరెన్సీ మాట ముందుకు కదలడం లేదు.

దశాబ్దాలుగా అమెరికా వాణిజ్య లోటు భరిస్తూ అందరి సరుకూ కొంది కాబట్టే డాలర్లు అందరి చేతికీ అందాయి. ట్రంప్ సుంకాలు ఆ మూలానికే గండి కొడుతున్నాయి. 2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామంటూ మనపై ఉన్న 25 శాతం సుంకానికి మరో 25 కలిపారు. ఆ దెబ్బ భీమవరం చెరువు గట్టు దాకా వచ్చింది. అమెరికాకు ఎగుమతయ్యే రొయ్య ధర పడిపోయింది. మేతకీ సీడ్‌కీ అప్పు తెచ్చిన రైతు, పట్టుబడికి వచ్చిన సరుకును చెరువులో ఎన్నాళ్లు ఆపగలడు? మాస్కో చమురుకూ అతనికీ ఏమిటి సంబంధం? ఎగుమతిదారులు ఐరోపా వైపు, ఇతర మార్కెట్ల వైపు చూడక తప్పలేదు. అక్కడి ప్రమాణాలకు తగ్గట్టు ప్లాంట్లు మార్చుకుని, కొత్త కొనుగోలుదారులు కుదిరాక, సుంకాలు తగ్గించినా ఆ సరుకంతా మళ్లీ అమెరికా రేవులకే వెళ్తుందన్న నమ్మకం నాకు లేదు.